పాత మారుతి 800కి ఏ ఇంజిన్ ఆయిల్ పోయాలి? నాలుగు రకాలు పోశాక నా రివ్యూ

మా ఇంట్లో 2003 మారుతి 800 ఉంది అండి, ఎంపీఎఫ్ఐ (కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చల్లే రకం), తెల్ల రంగు, మా నాన్న కొన్న మొదటి కారు, ఇప్పటికి 1,60,000 కిలోమీటర్లు దాటింది. పదిహేనేళ్లు అయ్యాక రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించి గ్రీన్ ట్యాక్స్ కట్టి ఉంచుకున్నాం, అమ్మే ఉద్దేశం లేదు. విజయవాడలో రోజూ తిరిగే బండి ఇది. గత మూడేళ్లలో దీనికి నాలుగు రకాల ఆయిల్ పోశా, ఒక్కోదానితో ఒక్కో అనుభవం అయింది, అందుకే పాత పెట్రోల్ కారు ఉన్నవాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నా.

ముందే చెప్పేస్తా, ఇప్పుడు నేను వాడుతున్నది షెల్ హెలిక్స్ హెచ్ఎక్స్5, 15డబ్ల్యూ-40 (ఈ నంబర్ల అర్థం కింద చెప్తా), మినరల్ ఆయిల్, అంటే ముడి చమురు శుద్ధి చేసి తీసేది. 14,000 కిలోమీటర్లుగా ఇదే, చాలా సంతోషంగా ఉన్నా. కానీ ఈ డబ్బా పేరు చూసి కొనేసుకుని వెళ్లిపోకండి, ఎందుకంటే ఈ ఆయిల్ నా బండికి బాగా కుదరడానికి ముందు వేరే పని ఒకటి జరిగింది, అసలు విషయం అదే.

మన దగ్గర ఏ మెకానిక్‌ని అడిగినా ఒకటే మాట, "పాత బండి కదా, చిక్కటి ఆయిల్ పోద్దాం". నేనూ చాలా ఏళ్లు అదే నిజం అనుకున్నా. ఇంజిన్ అరిగిపోయి ఉంటుంది, సందులు పెరిగి ఉంటాయి, పల్చటి ఆయిల్ జారిపోతుంది, చిక్కటిదైతే నిలబడుతుంది అని లాజిక్. వినడానికి బాగానే ఉంటుంది, కొన్ని బళ్లకి నిజం కూడా. కానీ ఎంత అరిగిందో చూడకుండా వయసు చూసి ఆయిల్ పోస్తే, అది జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా బిళ్ల వేసినట్టే అవుద్ది.

మొదటి అనుభవం చెప్తా. 2022 ఎండాకాలం, మా రెగ్యులర్ మెకానిక్ ఊళ్లో లేకపోతే దగ్గర్లో ఉన్న ఒక షాపులో ఆయిల్ మార్పించా. వాళ్లు డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజ్ ఆయిల్ పోశారు, లీటరుకి వంద రూపాయల పైనే తక్కువ పడింది, సరేలే అనుకున్నా. నాలుగో రోజు మధ్యాహ్నం ఏలూరు నుంచి వస్తూ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే డ్యాష్‌బోర్డ్ మీద ఎర్రటి ఆయిల్ లైటు మినుకుమినుకుమంటోంది. యాక్సిలరేటర్ కొంచెం తొక్కితే ఆరిపోతుంది, వదిలితే మళ్లీ వెలుగుతుంది. ఆ లైటు ఆయిల్ తగ్గిందని చెప్పే లైటు కాదండి, చాలామంది అలా అనుకుంటారు, అది ప్రెషర్ లైటు. బేరింగులకి ఆయిల్ ఒత్తిడిగా అందట్లేదు అని అర్థం. గుండె ఆగినంత పనైంది, పక్కకి తీసి ఇంజిన్ ఆపేసి ఓ పావుగంట ఆగి ఆయిల్ కొలిచే పుల్ల, అదే గేజి, తీసి చూస్తే లెవెల్ ఫుల్లుగానే ఉంది. అంటే ఆయిల్ ఉంది కానీ వేడెక్కేసరికి నీళ్లలా అయిపోతోంది. వేళ్ల మధ్య రుద్ది చూశా, జిడ్డే తెలియట్లేదు. బండిని కట్టించుకుని మా మెకానిక్ బాబాయ్ షెడ్డుకి తీసుకెళ్లా, ఆయన ఆ వారమే ఊర్నించి వచ్చాడు, మొత్తం దింపేసి ఫిల్టర్ కూడా మార్చాడు. ఇంజిన్‌కి ఏం కాలేదు, అదృష్టం.

కాబట్టి మొదటి మాట, లూజ్ ఆయిల్ వద్దే వద్దు. సీల్ ఉన్న డబ్బా మీ కళ్ల ముందు తెరవాలి, మూత కింద రేకు సీల్ ఉందా, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ చెరిపేసినట్టు ఉన్నాయా చూడండి. ఇంకోటి, ఖాళీ డబ్బా అక్కడే వదిలేసి రాకండి, దాన్నే మళ్లీ నింపి అమ్మేవాళ్లు ఉంటారు, ఇంటికి తెచ్చుకోండి లేదా కత్తితో ఓ పోటు పొడిచి పడేయండి.

రెండో అనుభవం పూర్తిగా రివర్సు. ఆ భయంతో ఈసారి ఖర్చయినా పర్లేదని ఫుల్ సింథటిక్ (రసాయనికంగా తయారుచేసే ఆయిల్) 5డబ్ల్యూ-30 పోయించా. మంచి కంపెనీదే, ఒరిజినలే. ఇంజిన్ ఎంత స్మూత్‌గా అయిందంటే సిగ్నల్లో ఆగితే ఆన్‌లో ఉందా ఆఫ్ అయిందా అని డౌటొచ్చేది. కానీ రెండు వారాలకి ఇంటి ముందు పార్కింగ్‌లో రూపాయి బిళ్లంత నల్ల మచ్చలు మొదలయ్యాయి, పొద్దున్నే స్టార్ట్ చేస్తే సైలెన్సర్‌లోంచి ఒక్కసారి గుప్పున నీలం పొగ వచ్చి ఆగిపోయేది, 1,500 కిలోమీటర్లకి దాదాపు లీటరు ఆయిల్ తినేసింది. అందరూ ఏమన్నారంటే సింథటిక్ పాత బండి సీల్స్, అంటే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు ముక్కలు, పాడుచేస్తుందని. అది కరెక్ట్ కాదండి. సీల్స్ అప్పటికే గట్టిపడి పెళుసైపోయి ఉన్నాయి, ఆ పగుళ్లలో ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డే ఇన్నాళ్లూ అడ్డం పడి ఆపింది, పల్చగా ఉండి బాగా శుభ్రం చేసే ఆయిల్ వచ్చేసరికి ఆ మడ్డి కరిగి, లోపల ఉన్న లోపం బయటపడింది, అంతే. ఆయిల్‌ది తప్పు లేదు. అయినా లీటరు లీటరు పోసుకుంటూ అంత ఖరీదైన ఆయిల్ వాడలేం కదా.

మూడోది, మళ్లీ అందరి మాటా విని 20డబ్ల్యూ-50 మినరల్. పొగ తగ్గింది, మచ్చలు తగ్గాయి, ఆయిల్ తినడం సగానికి పడిపోయింది, నేను కూడా హమ్మయ్య అనుకున్నా. పికప్ కొంచెం బరువెక్కింది, ఏసీ వేసి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు తెలిసిపోయేది, 796 సీసీ మూడు సిలిండర్ల బండిలో ఉన్న బలమే తక్కువ, అందులో ఆయిల్‌ని చిలకడానికే కొంత పోతే ఇక మిగిలేది ఏముంటుంది. అయినా సర్దుకుపోయా.

అసలు కళ్లు తెరిపించింది అరకు ట్రిప్పు. డిసెంబర్ చివర్లో ఫ్యామిలీతో వెళ్లాం, రాత్రి బండి బయటే పెట్టాం, పొద్దున ఆరున్నరకి అద్దాల మీద మంచు నీళ్లు కారుతున్నాయి, నోట్లోంచి ఆవిరి వస్తోంది. తాళం తిప్పగానే మోటారు బద్ధకంగా తిరిగి ఇంజిన్ అందుకుంది, అందుకోవడంతోటే ఇంజిన్ పైమూత, అదే టాపెట్ కవర్, లోంచి టకటకటకటక అని మిషన్ కుట్టినట్టు సౌండు. నేను లెక్కపెట్టుకుంటూ నిలబడ్డా, ఏడు, ఎనిమిది, తొమ్మిది సెకన్లు, అప్పుడు మెల్లగా తగ్గింది. విజయవాడలో అయితే ఈ సౌండు ఒక సెకను, రెండు సెకన్లు. ఆ తొమ్మిది సెకన్లూ పైన వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ దగ్గరికి ఆయిల్ చేరలేదు అన్నమాట, ఇనుము మీద ఇనుము పొడిగా తిరిగింది. ఇంజిన్ ఎక్కువ అరిగేది స్టార్టింగ్‌లోనే అని ఎన్నోసార్లు విన్నా గానీ, ఆ చలిలో నిలబడి చెవులారా విన్నాక గానీ మనసుకెక్కలేదు. అరిగిపోకూడదని పోసిన చిక్కటి ఆయిలే అరగదీస్తోంది.

ఇక్కడ ఆ నంబర్ల సంగతి కొంచెం చెప్తా, తెలిస్తే డబ్బా మీద మీరే చదువుకోవచ్చు. 15డబ్ల్యూ-40లో డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. దాని ముందున్న నంబర్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్తుంది, చిన్న నంబర్ అయితే తొందరగా పైకి చేరుతుంది. వెనక నంబర్ 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా నిలబడుతుందో చెప్తుంది. 40 అంటే ఆ వేడిలో 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే యూనిట్) మధ్య, 50 అంటే 16.3 నుంచి 21.9 మధ్య, 30 అంటే 9.3 నుంచి 12.5 మధ్య. అంటే 40కీ 50కీ తేడా చిన్నదేం కాదు. ఇక "మన విజయవాడ ఎండకి 50 ఉండాల్సిందే" అంటారు కదా, బయట 30 ఉన్నా 45 ఉన్నా ఇది నీళ్లతో చల్లబడే ఇంజిన్, లోపల వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ ఉంటుంది, రేడియేటర్, ఫ్యాన్ సరిగ్గా ఉంటే లోపలి వేడి బయటి ఎండతో సమానంగా ఎగబాకదు. రేడియేటర్ సగం పూడిపోయి ఉంటే మాత్రం ఏ ఆయిల్ పోసినా కష్టమే.

అరకు నుంచి వచ్చాక నేరుగా బాబాయ్ దగ్గరికి వెళ్లి, ఆయిల్ సంగతి తర్వాత, ముందు ఇది ఆయిల్ ఎక్కడ తింటోందో చూడు బాబాయ్ అన్నా. ఆయన ఒకటే అడిగాడు, "పొగ ఎప్పుడొస్తోంది నానా, పొద్దున ఒక్కసారా, లేక ఎత్తు ఎక్కేటప్పుడంతా వస్తోందా?" పొద్దున ఒక్కసారే అన్నా. "అయితే రింగులు కాదేమో, వాల్వ్ సీల్స్ అయ్యుంటాయి" అని ప్లగ్గులు విప్పి సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి పెట్టి మూడు సిలిండర్లూ చూశాడు. మూడూ దగ్గర దగ్గరగా బాగానే వచ్చాయి. తర్వాత ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ చూశాడు, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగిపోయి ఉంటే ఆ ఆయిల్ సందు మూసి రీడింగ్ బాగా పెరుగుద్ది, మా దాంట్లో పెద్దగా మారలేదు. అంటే బోరు (సిలిండర్ లోపలి గోడ), రింగులు బాగున్నాయి, రాత్రంతా ఆగి ఉన్నప్పుడు వాల్వ్ గైడ్ల పక్కనుంచి కొంచెం కొంచెం జారిన ఆయిల్ పొద్దున కాలుతోంది. హెడ్డు దింపి ఆరు వాల్వ్ సీల్స్, హెడ్ గాస్కెట్, టాపెట్ కవర్ ప్యాకింగ్ మార్చి, టాపెట్ సెట్టింగ్ చేసి ఇచ్చాడు, పార్టులు కూలీ అంతా కలిపి 4,800 అయింది. పాత సీల్ నా చేతిలో పెట్టాడు, రబ్బరు కదా వంగాలి, గోరుతో నొక్కితే ప్లాస్టిక్ ముక్కలా టక్కున విరిగింది. దీని కోసమా నేను ఏడాదిన్నరగా ఆయిళ్లు మారుస్తున్నా అని చాలా బాధేసింది.

ఆ తర్వాత పోసిందే ఈ 15డబ్ల్యూ-40. ఎందుకు ఇదే అంటే, బండితో వచ్చిన ఓనర్స్ పుస్తకం నాన్న బీరువాలో జాగ్రత్తగా దాచారు, అందులో ఉష్ణోగ్రతల పట్టీ పక్కన ఏ గ్రేడ్ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అని గీతలు గీసి ఉంటుంది, మన వాతావరణానికి ఇది హాయిగా సరిపోతుంది. కొండ మీద చలిలో 20డబ్ల్యూ కన్నా తొందరగా పైకి చేరుతుంది, ఎండలో 40 చిక్కదనం ఉంటుంది. మినరల్ ఎందుకంటే మేము కిలోమీటర్లు తక్కువ తిరుగుతాం, ఎలాగూ 5,000కో ఆరు నెలలకో ఏది ముందైతే దానికి మార్చేస్తాం, అలాంటప్పుడు ఎక్కువ కాలం నిలిచే సింథటిక్‌కి డబ్బులు పెట్టడం నాకు అవసరం అనిపించలేదు. హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లు, లీకులు లేని బండి ఉన్నవాళ్లు సెమీ సింథటిక్ 10డబ్ల్యూ-40 చూసుకోవచ్చు, బాగుంటుంది.

14,000 కిలోమీటర్లలో గమనించింది ఏంటంటే, 5,000కి గేజి మీద సుమారు పావు లీటరు తగ్గుతోంది, ఇరవై ఏళ్లు దాటిన బండికి అది చాలా మంచి సంగతి. పొద్దున పొగ లేదు, పొల్యూషన్ టెస్టు ఒక్కసారికే పాసైంది. టాపెట్ సౌండు స్టార్ట్ చేసిన సెకనులో పోతోంది. పోయిన జనవరిలో మళ్లీ అరకు వెళ్లొచ్చాం, అదే పొద్దుటి చలి, ఈసారి మూడు లెక్కపెట్టేలోపు సౌండు ఆగింది. మైలేజ్ 20డబ్ల్యూ-50తో పోలిస్తే లీటరుకి ముప్పావు కిలోమీటరు దాకా పెరిగినట్టుంది, టాపెట్ సెట్టింగ్ కూడా చేయించాం కాబట్టి ఆ క్రెడిట్ మొత్తం ఆయిల్‌కే ఇవ్వను. ఆయిల్ 1,000 కిలోమీటర్లకే నల్లబడుతుంది, దానికి కంగారు పడకండి, లోపలి మడ్డిని కరిగించి తనలో మోస్తోందని అర్థం. మూడు లీటర్ల డబ్బా తీసుకుంటే ఫిల్టర్‌తో కలిపి సరిపోయి అడుగున కొంచెం మిగులుతుంది, అది డిక్కీలో పెట్టుకుంటే మధ్యలో టాపప్‌కి వస్తుంది.

నచ్చని విషయం ఒక్కటే, పాత బళ్లకి కావాల్సిన ఈ గ్రేడ్ అన్ని షాపుల్లో దొరకట్లేదు, ఎక్కడ చూసినా కొత్త బళ్ల 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30లే. నేను ఆటోనగర్‌లో రెండు మూడు షాపులు తిరిగి తెచ్చుకుంటా. ఇదే బ్రాండ్ అని పట్టు లేదు, క్యాస్ట్రాల్ అయినా సర్వో అయినా గల్ఫ్ అయినా మంచి కంపెనీ పెట్రోల్ కార్ ఆయిల్, అదే గ్రేడ్, సరైన ఏపీఐ అక్షరాలు ఉంటే చాలు.

ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) అక్షరాలు అంటే డబ్బా వెనక ఎస్ఎల్, ఎస్ఎమ్, ఎస్ఎన్, ఎస్‌పీ అని ఉంటాయి. ఎస్ అంటే పెట్రోల్ బళ్లది, రెండో అక్షరం ముందుకెళ్లే కొద్దీ కొత్త ప్రమాణం, ఎస్ఎన్ 2010లో వచ్చింది, ఎస్‌పీ 2020లో. పుస్తకంలో రాసిన అక్షరం కన్నా తర్వాతది పోయొచ్చు, ముందుది మాత్రం పోయకూడదు. చౌక డబ్బాల మీద ఎస్ఎఫ్ అని కనిపిస్తూ ఉంటుంది, అది 1988 తర్వాత తయారైన చాలా ఇంజిన్లకి సరిపోదని ఏపీఐ వాళ్లే చెప్తారు, ధర చూసి తీసుకోకండి. సీతో మొదలయ్యేవి డీజిల్‌వి, రెండూ రాసి ఉన్న డబ్బాలు కూడా ఉంటాయి, ఎస్ అక్షరం అసలు లేని లారీ ఆయిల్ మాత్రం పెట్రోల్ కారుకి వద్దు. బైకుల 4టీ ఆయిల్ 800కి పోసేవాళ్లు చాలామంది ఉన్నారు, బండి నడుస్తుంది, ఆగిపోదు, కానీ అది బైకులో ఆయిల్‌లోనే మునిగి ఉండే క్లచ్ జారకుండా ఉండాలని చేసింది, కారుకి దానివల్ల ఒరిగేది ఏం లేదు.

కొత్త ఆయిళ్లలో జింకు తగ్గించేశారు, పాత ఇంజిన్లు అరిగిపోతాయి అని ఒక భయం తిరుగుతోంది కదా. జింకు, ఫాస్ఫరస్ కలిసిన ఆ మందు క్యామ్ అరగకుండా కాపాడే మాట నిజమే, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుందని ఎస్ఎమ్‌లో దాని పరిమితి ఇంకా తగ్గించిన మాటా నిజమే, కానీ ఆ పైపరిమితి 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పల్చటి గ్రేడ్లకి. 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50లకి అది వర్తించదు. కాబట్టి ఈ గ్రేడ్ వాడేవాళ్లు విడిగా సీసాల్లో అమ్మే మందులు కలపక్కర్లేదు. అలాగే ఇంజిన్ ఫ్లష్ అని ఆయిల్ మార్చే ముందు పోసేది ఉంటుంది, ఎన్నాళ్లుగానో ఆయిల్ మార్చని పాత బండికి అది డేంజర్, మడ్డి ఒక్కసారిగా ఊడి సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలో) ఉన్న జాలికి అడ్డం పడితే ఆయిల్ పంపుకి ఏమీ అందదు. మడ్డి ఎక్కువ ఉందనిపిస్తే మంచి ఆయిల్ పోసి 2,000 కిలోమీటర్లకే ఒకసారి మార్చేయండి, మెల్లగా అదే శుభ్రపడుద్ది.

20డబ్ల్యూ-50 చెడ్డది అని నేను అనట్లేదు. బోరు నిజంగానే అరిగి, కంప్రెషన్ పడిపోయి, ఎత్తు ఎక్కేటప్పుడంతా పొగ వస్తూ, ఇప్పట్లో ఇంజిన్ పని చేయించే పరిస్థితి లేకపోతే మైదానంలో తిరిగే బండికి అదే కరెక్ట్, అలా రెండేళ్లు లాక్కొచ్చిన బళ్లు నేను చూశా. కానీ కంప్రెషన్ చూపించకుండా అక్కడికి వెళ్లకండి, ఆ చెక్ మా దగ్గర మూడొందల్లో అయిపోయింది.

ఆయిల్ మార్పించేటప్పుడు దగ్గరుండండి. ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడే దింపాలి, డ్రెయిన్ నట్ వాషర్ కొత్తది వేయాలి, పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోతుంది ఒక్కోసారి, దాని మీద కొత్తది బిగిస్తే కిలోమీటరు వెళ్లేలోపు ఆయిల్ అంతా రోడ్డు మీదే. కొత్త ఫిల్టర్ రింగుకి వేలితో ఆయిల్ రాసి చేత్తోనే బిగించాలి. ఆయిల్ పోసే మూత తిప్పి లోపలి వైపు చూడండి, గోధుమ రంగు మరక ఉంటే పర్లేదు, పాల మీగడలా తెల్లగా ఉంటే నీళ్లు కలుస్తున్నాయని అర్థం, వానాకాలంలో దగ్గర దగ్గర తిరిగే బళ్లకి చెమ్మ వల్ల కొంచెం వస్తుంది గానీ రేడియేటర్లో నీళ్లు కూడా తగ్గుతుంటే వెంటనే చూపించాలి. గేజి మీద మ్యాక్స్ గీత దాటి పోయనివ్వకండి, ఎక్కువ పోస్తే నురగ వచ్చి ప్రెషర్ పడిపోద్ది. దింపిన పాత ఆయిల్ మురిక్కాలవలో పోయనివ్వకండి ప్లీజ్, బాబాయ్ దగ్గర దానికి వేరే డ్రమ్ము ఉంది, కొనేవాళ్లు వచ్చి పట్టుకెళ్తారు.

నాన్న ప్రతి ఆదివారం పొద్దున బండి స్టార్ట్ చేయకముందే గేజి తీసి పాత లుంగీ గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టి తీసి చూస్తారు, ఈ బండికి ఇన్నేళ్లలో ఇంజిన్ విప్పే అవసరం ఒక్కసారే వచ్చిందంటే ఆ గుడ్డ వల్లే. మొన్న ఆదివారం ఆయనే గమనించారు, టైమింగ్ బెల్ట్ కవర్ కింద చెమ్మగా ఉందని. క్రాంక్ సీల్ అయ్యుంటుంది, ఆయిల్ బెల్ట్ మీద పడితే బెల్ట్ పాడైపోతుంది కాబట్టి వచ్చే ఆయిల్ మార్పు దాకా ఆగకుండా ఈ శనివారమే బాబాయ్ దగ్గర పెడుతున్నా, బెల్ట్, సీల్ రెండూ ఒకేసారి మార్పించేస్తా.